అడవి యేలిక, ఆయన యిరుగుపొరుగువారు



మన పూర్వులు అడవిని దిక్కులేని నేలగా నెన్నడును భావింపలేదు. ప్రతి వనమునకును నొక యేలిక యున్నాడనియు, ఆతడు యక్షుడో గంధర్వుడో వేలుపో యగుననియు, ఆతని యనుమతి లేక పుల్ల విరువరాదనియు వారి నమ్మకము. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని యిందొక రాజనీతి యిమిడియున్నది. ఏలిక యున్నచోట హద్దు లుండును. హద్దు లున్నచోట నిరుగుపొరుగు మర్యాద లుండును. ఆ మర్యాదలు మన నెల్లూరి సీమలో నెట్లు నిలిచెనో, పిదప నెట్లు చెడెనో మనవి చేయుదును.

మొదట యక్షుని మాట. భారతమున అరణ్యపర్వము చివర దప్పిగొన్న పాండవులు నలుగురు ఒకరి వెంట నొకరు ఒక కొలనికి బోయిరి. ఆ కొలను తనదనియు, తన ప్రశ్నలకు బదులు చెప్పి నీరు త్రావవలయుననియు యక్షుడు వారించెను. ఆ మాట లెక్కసేయక త్రావినవారు నేల గూలిరి. ధర్మరాజు మాత్రము నిలిచి, విని, బదులు చెప్పెను. నీటితోబాటు తమ్ముల ప్రాణములను గూడ బడసెను. యక్షుడు నీరీయననలేదు, అడిగి త్రావుమనెను. అడవి దొరకును మానవునకును నడుమ నొడంబడిక యింతియే.

నన్నయభట్టు విడిచిన అరణ్యపర్వశేషమును పూరించి యీ కథను తెనిగించినవాడు ఎఱ్ఱాప్రగడ. పదునాలుగవ శతాబ్దమున అద్దంకి ప్రోలయవేమారెడ్డి కొలువున నుండిన యా మహాకవి మన కందుకూరు ప్రాంతపు గుడ్లూరివాడని ప్రసిద్ధి. నృసింహపురాణమును రచించినవాడును ఆయనయే. ఆ నృసింహుడే మన సీమలో అడవి దొరయై వెలసెను.

రాపూరు చెంత, వెలిగొండల పాదమున నున్న పెంచలకోనకు మీలో బోనివారు అరుదు. హిరణ్యకశిపుని జంపిన యుగ్రము చల్లారక స్వామి యడవులు పట్టి తిరుగుచు, ఇచట నొక చెంచుకన్నెను గాంచి శాంతించి, ఆమెను పెండ్లాడెనని స్థలగాథ. ఇరువురును పెనవేసికొని శిలయై నిలిచిరట; అందుచేత పెనుశిల, పెంచలకోన యను పేరులు కలిగినవని చెప్పుదురు. ఆదిలక్ష్మి యలిగి యేటి కావలి గట్టున వేరుగా నిలిచినది. ఆమె గుడి నేటికిని వేరుగనే యున్నది. నేను నలువదేండ్లు బడిలో పలక పట్టించితిని. పెంచలయ్యయో పెంచలమ్మయో లేని తరగతి నాకు తటస్థపడలేదు. కాపు బిడ్డకును యానాది బిడ్డకును పేరొక్కటియే!

ఈ పెండ్లి కథ కోనకు మాత్రమే చెందినది కాదు. నల్లమలలోని అహోబిలమునను నిదియే గాథ. అహోబిల మఠాధిపతి యగు శఠకోపయతి వాసంతికాపరిణయమను సంస్కృత నాటకమున నరసింహునకు వనకన్యతో జరిగిన వివాహమునే వర్ణించెను. సంక్రాంతి దినములలో నచట పారువేట యుత్సవము మొదలగును. చెంచులు స్వామి పల్లకి యెదుట బాణములు వేయుదురు. పిదప స్వామి నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములు తిరిగి, తన కల్యాణమునకు రండని స్వయముగా బిలుచును. దేవుడు గుడి విడిచి ప్రజల గుమ్మముల కడకు వచ్చి పిలుచుట యెంతటి మర్యాదయో యోచింపుడు.

ఈ కథ చేసిన పని యేమి? అడవి బిడ్డ లక్ష్మీసమానురాలైనది. ఆమె పుట్టినింటివారు దేవునికి అత్తింటివారైరి. అల్లుని యింట అత్తింటివారిని దొంగలనువా డెవడు? వారికి తేనె తీయుటకు, దుంప త్రవ్వుటకు, వేట యాడుటకు గల హక్కును ఏ శాసనమును వ్రాయనక్కఱలేకపోయెను. పెండ్లి కథయే శాసనమయ్యెను.

మన తీరమున నా స్థానమున నున్నవారు యానాదులు. చెంచులతో వీరికి దగ్గరి సంబంధము కలదని పరిశోధకులు పలువురు వ్రాసిరి. అనాదినుండి యున్నవారు గనుక యానాదులైరని యొక వ్యుత్పత్తి గూడ కలదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవి వీరి యడవి. తేనె, చింతపండు, కుంకుళ్లు, బట్టలకు ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరు సేకరించి జీవించెడివారు. మూలికలు వారికి తెలిసినట్లు మన వైద్యులకు గూడ దెలియవు. పల్లెలలో పొలములకు గాపుండి, ఎలుకబొరియలు త్రవ్వి పంటను కాపాడినవారును వారే.

1835లో కుంపిణీ ప్రభుత్వము శ్రీహరికోటను తన ప్రత్యక్షపాలనకు దెచ్చుకొనెను. ఆ దీవి కట్టెలు, 1878లో బకింగ్‌హామ్ పేరు పెట్టబడిన కాలువపై, మద్రాసు పొయ్యిలకు బోయినవి. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. అప్పటినుండి అడవికి ఏలిక మారెను. క్రొత్త యేలికకు హద్దులు గలవు గాని చుట్టరికము లేదు. నిన్నటివఱకు దేవుని యత్తింటివారు నేడు అనుమతి లేక ప్రవేశించినవారైరి. అంతటితో నాగలేదు. 1871లో ఉత్తరదేశమున బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపింపగా, యానాదులును దాని వాతబడిరి. తల్లి గర్భమున నున్న శిశువునకే నేరస్థుడను ముద్ర పడెను.

ఈ యన్యాయమును మాపుటకు మన నెల్లూరివారే యగు వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితము ధారపోసిరి. ఆ చట్టము మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. యానాదులను గూర్చిన వారి గ్రంథము 1962లో వెలువడెను. 1973లో వారికి పద్మభూషణ బిరుదము లభించెను.

శ్రీహరికోట కథ యింకను ముగియలేదు. 1969లో భారత ప్రభుత్వము ఆ దీవిని రాకెట్ల ప్రయోగమునకు ఎన్నుకొనెను. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు అచటినుండి మొదట లేచినది. ఇది మన దేశమునకు గర్వకారణము, నేనును గర్వించుచున్నాను. కాని ఆ నేలను విడిచి సరస్సు కివతలకు రావలసివచ్చిన యానాది కుటుంబములను మరచిన గర్వము పరిపూర్ణము కాదు. అడవి బిడ్డలకు చరిత్రలో అన్యాయము జరిగినదని 2006 నాటి అటవీ హక్కుల చట్టము తన పీఠికలోనే యొప్పుకొనినది. ఒప్పుకొనుట మంచిదే. కాని చట్టము కాగితము మీద నుండును, గుడిసె చెఱువుకట్ట మీద నుండును.

పెద్దలారా! ఈ రెంటికిని నడుమ నున్నవారు మీరే. మీ యూరి కాలువగట్టుననున్న యానాది వాడకు ఇంటిస్థలపు పట్టా కలదా? ఆ బిడ్డల పేరు బడి పట్టికలో నున్నదా? పాత యప్పు పేరు చెప్పి తరతరములు కావలి కాయించుకొనువా రెవరైన మీ గ్రామమున గలరా? వెట్టి 1976 నాటి చట్టముచే నిషిద్ధమని వారికి చెప్పవలసినది మీరు గాక మరెవ్వరు?

వైశాఖమున పెంచలకోన బ్రహ్మోత్సవమునకు బండ్లు కట్టుకొని పోవుదుము. స్వామికి టెంకాయ కొట్టి, చెంచులక్ష్మికి పసుపు కుంకుమ లర్పింతుము. ఆ తల్లి పుట్టింటివారు మన పొలము గట్టుననే యున్నారు. వారి క్షేమ మడిగిన పిదప స్వామి యెదుట నిలుచుట మర్యాద.