వరంగల్లు జంపఖానా: నేతపని చెప్పే చరిత్ర

తెలుగు ప్రాంతాల చేతిపనుల చరిత్రలో వరంగల్లు తివాచీకి ఒక స్థిరమైన స్థానం ఉంది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్లు తివాచీలు ప్రదర్శితమయ్యాయి. ఆ తరువాత భారతీయ కళాపరిశ్రమలపై జార్జి బర్డ్‌వుడ్ 1880లో ప్రచురించిన గ్రంథంలోనూ వాటికి ప్రశంస దక్కింది. నాటి నుండి నేటి వరకు ఈ విషయం మీద వెలువడిన రచనలు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతున్నాయి. అయితే ఆ ప్రదర్శనశాలకెక్కినది ముడులు వేసి, నూగు నిలిపి నేసిన తివాచీ. అదే ఊళ్ళో, అంతకంటె ఎక్కువమంది చేతులమీద, అంతకంటె ఎక్కువ ఇళ్ళకు చేరిన మరొక పరుపు ఉంది. అది నూగు లేని నేత, రెండు ముఖాలూ ఒకటిగా ఉండే నూలు జంపఖానా. చరిత్రరచనలో దీనికి తివాచీ తరువాత ఒక వాక్యం దక్కుతుంది, తరచుగా ‘చవకరకం’ అన్న విశేషణంతో.

జంపఖానా తివాచీకి దిగజారిన రూపం కాదనీ, అది పంచెనూ చీరనూ నేసిన నూలునేత కుదురు నుండి వచ్చిన శాఖ అనీ ఈ వ్యాసం ప్రతిపాదన. దీనికి శాసనాధారం చూపడం సాధ్యం కాదు. ఆధారం నేతపనిలోనే ఉంది. కొంత ఆ పనిని చెప్పే మాటల్లో ఉంది. కనుక ముందుగా పనినే వివరంగా చూడాలి.

ఏ బట్టలోనైనా నిలువుగా పడుగు, అడ్డంగా పేక ఉంటాయి. పంచెలోనో చీరలోనో ఈ రెండూ కంటికి దాదాపు సమానంగా కనబడతాయి. జంపఖానాలో పడుగు కనబడదు. అది లోపల ఉంటుంది, గోడలోని ఇనుపకమ్మి వలె. పైకి కనిపించే రంగు, గీత, ఆకృతి అంతా పేకదే. ఈ ఒక్క లక్షణం నుండే మిగిలిన నియమాలన్నీ పుడతాయి. పడుగుకు గట్టిగా పురిపెట్టిన, తెగని నూలు కావాలి. దారాలను ఎడంగా ఉంచి బిగువుగా లాగి కట్టాలి. పేకకు మెత్తని, లావైన నూలు కావాలి. అందుకోసం కొన్ని పోగులను కలిపి ఒకే పేకగా వాడతారు. పడుగు దట్టంగా ఉంటే పేక కిందికి దిగదు. పేక బిరుసుగా ఉంటే పడుగును కప్పదు.

మగ్గం సామాన్యమైనదే. పడుగు దారాలను ఒకటి విడిచి ఒకటి రెండు జట్లు చేసి, కాలితో తొక్కే రెండు చెక్కల సాయంతో ఒక జట్టును పైకి, మరొకదాన్ని కిందికి నడుపుతారు. మధ్య తెరచుకొన్న సందులో పేక వేస్తారు. పైజట్టు కిందికి రాగానే ఆ పేక బంధించబడుతుంది. ఇదే సాదా నేత. ఇంతకు మించిన నేతసూత్రం జంపఖానాలో లేదు. కష్టమంతా పేక వేసే తీరులో ఉంది. పేకను తిన్నగా లాగి వేస్తే, పడుగుకు పైనా కిందా వంగి సాగవలసిన పొడవు దానికి చాలదు. అప్పుడది రెండు అంచులనూ లోపలికి లాగుతుంది. పరుపు నడుము సన్నబడుతుంది. అందుచేత నేతగాడు పేకను సందులో విల్లు వలె వంచి వదలి, తరువాత కొట్టి దించుతాడు. ఆ వంపు ఎంత ఉండాలన్నది చేతికి తెలిసిన కొలత. తక్కువైతే అంచు లోపలికి పోతుంది. ఎక్కువైతే నేతలో పొంగులు లేస్తాయి. పూర్తయిన జంపఖానాను నేలమీద పరచి నాలుగు మూలలూ చూస్తే నేసినవాడి అనుభవం ఎంతటిదో తెలిసిపోతుంది. నాణ్యతకు ఇంతకంటె నమ్మదగిన పరీక్ష నాకు కనబడలేదు.

చారల జంపఖానాకు నాడె చాలు. ఒక అంచు నుండి మరొక అంచుకు ఒకే రంగు పోతుంది, చార మారినపుడు కండె మారుతుంది. ఆకృతులు కావాలంటే నాడె పనికిరాదు. ఒక్కొక్క రంగు దారాన్ని చిన్న చుట్టగా పట్టుకొని, ఆ రంగు ఉండవలసిన మేరకు మాత్రమే పడుగు మధ్య నుండి చేతితో దూర్చి, దాని పొలిమేర వద్ద వెనుకకు తిప్పాలి. పక్క రంగు తన పొలిమేర నుండి మొదలవుతుంది. ఒకే వరుసలో అయిదారు రంగులుంటే అయిదారు చుట్టలు, అన్ని మలుపులు. వరుస నిండిన తరువాత పళ్ళున్న ఇనుప దువ్వెనతో గట్టిగా కొట్టి దించుతారు. ఉత్తరాదిన ఈ పనిముట్టుకు పంజా అని పేరు. అక్కడ దరీలకే ఆ పేరు పెట్టి పంజా దరీ అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండు రంగులూ ఒకే పడుగు దారం అటూ ఇటూ వెనుదిరుగుతూ పోతే, వాటి మధ్య నిలువుగా చీలిక ఏర్పడుతుంది. ఇరాన్, తుర్కీ ప్రాంతాల కిలీం నేతలో ఈ చీలికను దోషంగా భావించరు. చిన్న చీలికలను ఆకృతిలో భాగంగానే ఉంచుతారు. నేలమీద పరచి పదిమంది తొక్కే నూలు పరుపుకు మాత్రం చీలిక ప్రమాదం. కాలివేలు తగిలితే చినుగుతుంది. దానిని తప్పించడానికి మూడు దారులున్నాయి. రెండు రంగుల పేకలనూ పొలిమేర వద్ద ఒకదానిలో ఒకటి కొక్కెం వలె తగిలించవచ్చు. రెండింటినీ ఒకే పడుగు దారం చుట్టూ వంతులవారీగా తిప్పవచ్చు. లేదా పొలిమేరను నిటారుగా పోనివ్వక, రెండు మూడు వరుసలకొకసారి ఒక దారం పక్కకు జరుపుతూ మెట్లుగా నడపవచ్చు. మూడవ పద్ధతిలో చీలిక అతిచిన్నదై బిగువులో కలిసిపోతుంది. జంపఖానా మీద కనిపించే మెట్ల గుడులు, వంకర చారలు, వజ్రాకృతులు అన్నీ ఈ అవసరం నుండి వచ్చినవే. వీటికి మతపరమైన సంకేతార్థాలు కల్పించే వ్యాఖ్యానాలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. చీలికను తప్పించాలన్న సాదా కారణం ముందు అవి అనవసరమని నా అభిప్రాయం.

ముడుల తివాచీ నేత దీనికి భిన్నమైనది. దాని మగ్గం నిలువు. నేతగాడు ముందు కూర్చొని, రెండేసి పడుగు దారాల చుట్టూ రంగునూలు ముడి వేసి కత్తితో కోస్తాడు. వరుస ముడులు పూర్తయ్యాక పేక వేసి కొడతాడు. చివరకు కత్తెరతో నూగు సమం చేస్తాడు. అక్కడ ఆకృతి ముడిది, పేక కట్టుబాటు మాత్రమే. ఇక్కడ ఆకృతీ కట్టుబాటూ రెండూ పేకవే. అక్కడ పూవు, తీగ, వంపు అన్నీ సాధ్యం, ఎందుకంటే ప్రతి ముడీ ఒక స్వతంత్ర బిందువు. ఇక్కడ వంపు కష్టం. అక్కడ వెనుక ముఖం వేరు. ఇక్కడ ముందూ వెనుకా లేదు. తివాచీలో ముడిని తీసివేస్తే జంపఖానా మిగులుతుందనడం తేలిక. కాని ముడుల తివాచీలోని పేక పరుపుకు ముఖం కాగల పేక కాదు. ఒకదాని నుండి మరొకదానికి పోవాలంటే పడుగు ఎడం, పేక లావు, మగ్గం నిలుపు అన్నీ మార్చుకోవాలి. పంచె నేసేవాడు జంపఖానాకు మారాలంటే నూలును, పన్నెను మార్చుకుంటే చాలు.

మాటలూ ఇదే చెబుతాయి. పడుగు, పేక, పన్నె, నాడె, కండె అన్నవి జంపఖానా మగ్గానికి ప్రత్యేకించిన మాటలు కావు. తెలుగునాట ఏ చేనేత ఇంటనైనా వినిపించేవే. తయారైన వస్తువు పేరు మాత్రం బయటిది. ‘ఖానా’ అన్న అంతం పారసీక సంపర్కాన్ని సూచిస్తుంది. కన్నడంలో జమఖాన, తమిళంలో జమక్కాళం, తెలుగులో జంపఖానా, జంబుఖానా అన్న రూపాలు ఇది దక్కను అంతటా వ్యాపించిన మాట అని చూపుతున్నాయి. నేసే ప్రక్రియకు తెలుగు పేర్లు, అమ్మే సరుకుకు దర్బారు భాష పేరు: ఈ విభజన యాదృచ్ఛికం కాదు. కొనేవారి భాషలో సరుకుకు పేరు పడింది. చేసేవారి భాషలో పని సాగింది.

ఇప్పుడు ప్రచారంలో ఉన్న కథను పరిశీలించవచ్చు. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వెంటవచ్చిన నేతగాళ్ళు వరంగల్లులో స్థిరపడి ఈ పరిశ్రమను నెలకొల్పారన్నది ఆ కథ. గోలకొండ పతనం 1687 నాటిది కనుక కాలం కుదురుతుంది. ముడుల తివాచీ విషయంలో ఇటువంటి వలస సంభావ్యమే. ఏలూరు ఉన్ని తివాచీల విషయంలోనూ పారసీక నేతగాళ్ళ రాకను చెబుతారు. కాని ఈ కథను ఎవరూ ప్రశ్నించకుండానే జంపఖానాకు కూడా అతికించారు. ఇటీవలి పరిచయవ్యాసాలలో రెండు పరుపులకూ కలిపి ఒకే ఆరంభం చెప్పడం అలవాటయింది. దీనికి ఎదురుగా, కాకతీయుల కాలానికి లాక్కుపోయే దేశాభిమానమూ ఉంది. మోటుపల్లి రేవును, రుద్రమదేవి రాజ్యాన్ని వర్ణించిన మార్కోపోలో మాటలను అందుకు వాడుకుంటారు. ఆయన మెచ్చుకున్నది సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను. నేలమీద పరచే ముతక పరుపును కాదు. మగ్గం సాక్ష్యంతో కాలనిర్ణయం చేయలేము. వంశనిర్ణయం మాత్రం చేయవచ్చు.

పొరుగు కేంద్రాలతో పోల్చి చూస్తే ఈ నిర్ణయానికి బలం చేకూరుతుంది. ధార్వాడ జిల్లా నవలగుందలో జమఖానాలను ముస్లిం స్త్రీలు నిలువు మగ్గం మీద నేస్తారు. వారి సంప్రదాయ కథనం బిజాపూరు వైపు చూపుతుంది. తమిళనాట ఈరోడు జిల్లా భవానిలో గుంట మగ్గం మీద వెడల్పు చారల జమక్కాళం నేస్తారు; అది ఆ ప్రాంతపు నూలునేతలో భాగం. పేరు ఒకటే, మగ్గాలు రెండు. పేరును బట్టి పుట్టుక చెప్పడం ఎంత పొరపాటో దీనివల్ల స్పష్టమవుతుంది. వరంగల్లు ఈ విషయంలో నవలగుంద కంటె భవానికి దగ్గర.

జంపఖానాకు వ్రాతమూలకమైన సాక్ష్యం ఇంత తక్కువగా ఉండడానికి కారణం దాని వాడుకే. అయినీ అక్బరీలో అబుల్ ఫజల్ తివాచీల కార్ఖానాను కొలతలతో, ధరలతో వర్ణించి, శత్రంజీల వంటి నూలు పరుపులను మాత్రం చివర పేర్ల జాబితాగా ముగించాడు. దర్బారు లెక్కల్లోనే పరిస్థితి ఇది. తివాచీని ధనవంతుడు దాచాడు. అది వారసులకు, అటుపై మ్యూజియముకు చేరింది. జంపఖానాను పెళ్ళిపందిట్లో, హరికథకు, బుర్రకథకు, గ్రామసభకు పరిచారు, పదిళ్ళ వారు అరువు తీసుకున్నారు, ఉతికారు, చిరిగితే బండిలో, కళ్ళంలో వాడారు. వాడి అరగదీయడానికే చేసిన వస్తువు మ్యూజియముకు చేరదు. మన సభా జీవితం ఎంతో కాలం దీనిమీద కూర్చునే గడిచినా, సభల చరిత్ర వ్రాసినవారు కిందికి చూడలేదు.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుండి మార్పులు త్వరపడ్డాయి. కృత్రిమ అలిజరిన్ 1869 తరువాత, కృత్రిమ నీలి 1897 తరువాత బజారుకెక్కాయి. ఉన్నికంటె నూలుకు రంగు పట్టించడం కష్టం; పటిక కట్టి మంజిష్ఠలో ఉడికించే దీర్ఘప్రక్రియ స్థానంలో పొట్లం రంగు వచ్చినప్పుడు దాని ప్రభావం నూలు పరుపుపైనే ఎక్కువగా పడి ఉండాలి. ఇదే కాలంలో బ్రిటిషు ఇండియా జైళ్ళు దరీలను పెద్దఎత్తున తయారు చేయించి, కూలి ఖర్చు లేని ఆ సరుకును బజారులో పోటీకి నిలిపాయి. ముడుల తివాచీలకు జైళ్ళవల్ల కలిగిన హానిని గురించి బర్డ్‌వుడ్ ఆవేదన చెందాడు. దరీ నేతగాడి నష్టానికి అటువంటి వకీలు దొరకలేదు. వరంగల్లులో 1934లో ఆజంజాహి మిల్లు వెలిసింది. అనంతరకాలంలో అది మూతపడింది. కొత్తవాడ మగ్గాలు మాత్రం ఆగలేదు.

స్వతంత్ర భారతంలో జంపఖానాకు ప్రత్యక్షంగా అండనిచ్చినది 1985 నాటి చేనేత వస్తువుల కేటాయింపు చట్టం. కొన్ని రకాలను మరమగ్గం మీద నేయరాదని ఆ చట్టం నిషేధించింది. మిల్లుల, మరమగ్గాల పక్షాన వచ్చిన అభ్యంతరాలను త్రోసిపుచ్చి సుప్రీంకోర్టు 1993లో దానిని సమర్థించింది. మొదట 22 రకాలున్న జాబితా 1996లో 11కు కుదించబడింది. సగం పోయిన ఆ జాబితాలో దరీ నిలిచింది. ఆపైన 2018లో వరంగల్లు దరీలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ రెండు రక్షణల స్వభావం వేరు. చట్టం కాపాడేది చేతినేతను. భౌగోళిక గుర్తింపు కాపాడేది ఊరి పేరును. సాదా చారల పరుపును మరమగ్గం అనుకరించగలదు. పొలిమేర పొలిమేరకూ చేతితో పేక తిప్పే ఆకృతుల నేతను అనుకరించడం దానికి తేలిక కాదు. కాని బజారు కోరిక మరొక దారిలో సాగుతున్నది. నేసిన పరుపు మీద అచ్చులతో, కలంకారీ పద్ధతిలో బొమ్మలు అద్దిన జంపఖానాలు ఇప్పుడు వరంగల్లుకు పేరు తెస్తున్నాయి. చూడడానికి అవి అందమైనవే. అయితే అద్దకం ఒక ముఖానికే. రెండు వైపులా ఒకటిగా ఉండడమన్న పాత లక్షణం అక్కడ లోపిస్తుంది. ఆకృతి పేక నుండి జారి పైపూతకు చేరుతుంది. బతుకుతెరువు దృష్ట్యా దీనిని తప్పుపట్టే హక్కు పరిశోధకునికి లేదు. నేతచరిత్ర దృష్ట్యా మాత్రం దీనిని నమోదు చేయవలసి ఉంది.

నమోదు అన్నప్పుడు మరొక సంగతి గమనించాలి. 1985 చట్టపు జాబితాలో ఈ పరుపుకు జమక్కాళం అన్న తమిళ రూపం, దరీ అన్న హిందీ రూపం ఉన్నాయి. 2018 గుర్తింపు వరంగల్లు దరీ అన్న పేరు మీద ఉంది. జంపఖానా అన్న తెలుగు మాట ఈ రెండు పేర్లలోనూ లేదు.