ఇల్లు ఎన్నేళ్లు ఆగుతుంది? గుడిసె నుంచి స్లాబు దాకా మన ఇళ్ల మరమ్మతు చరిత్ర

 

మన ఇళ్ల గురించి ఎవరు రాసినా ఏ ప్రభుత్వం ఎన్ని ఇళ్లు ఇచ్చిందనే రాస్తారు. ఇచ్చిన ఇల్లు ఎన్నేళ్లు ఆగింది, పాడైతే ఎవరు బాగుచేసినారు, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడింది అనే లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల చెంచు గూడేలు, సుగాలీ తండాల ఇళ్లను ఆ లెక్కతో చూద్దామని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు నల్లమల నుంచి మొదలుపెడదాం. పాత చెంచు గుడిసె గుండ్రంగా ఉంటుంది. చుట్టూ వెదురు, కట్టెపుల్లలతో అల్లిన తడిక గోడ, పైన కోసుగా గడ్డి కప్పు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, అప్పటి నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ కొండల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి ఇళ్ల గురించే రాసినాడు. ఆ ఇంట్లో ఏ భాగం ఎన్నాళ్లు ఆగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. గడ్డి కొన్నేళ్లకే కుళ్లుతుంది, తడిక అంతకన్నా ఎక్కువ ఆగుతుంది, చెద పట్టిన గుంజను పీకి ఇంకోటి పాతుతారు. సరుకంతా అడవిలోదే, పని ఇంటి మనుషులదే. మరమ్మతుకు నాలుగు రోజుల కష్టం పడుతుంది గానీ చేతి నుంచి రూపాయి పోదు.

ఆ ఖర్చు పెరగడం గుడిసె మారినందుకు మొదలు కాలేదు, అడవి మీద హక్కు పోయినందుకు మొదలైంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చినాక రిజర్వు అడవిలో కట్టె కొట్టాలన్నా, గడ్డి కోయాలన్నా పర్మిషన్ కావాల్సి వచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం అయింది, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. కప్పు మార్చుకోవడానికి మోపు వెదురు తెచ్చుకున్నా భయపడే కాలం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును కూడా చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించుకునే హక్కును గుర్తించింది. మన గూడేల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

ఇంక బయలు నేల మీది తండాలకు వద్దాం. సీమలో రెండు రకాల ఇళ్లు ఉండేవి. ఒకటి బోద కొట్టం. మంచి బోదగడ్డి కప్పితే మూడు నాలుగేళ్లు చూసుకోనక్కరలేదు, వరిగడ్డి అయితే ఏడాదికే మార్చాలి అంటారు పెద్దోళ్లు. రెండోది మట్టి మిద్దె. రాతి గోడ, దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెపుల్లలో బండలో పరిచి గడ్డి, అన్నిటికీ పైన మన్ను. వాన తక్కువ కాబట్టే ఇక్కడ చదును కప్పు చెల్లింది. కోస్తాలో అయితే ఒక్క ఏడాది కూడా ఆగదు.

ఏటా మృగశిర కార్తెకు ముందే మిద్దె మీద చౌడు మన్ను వేసేవాళ్లు. పంటకు పనికిరాని ఆ మన్ను కప్పుకు ఎట్లా పనికొస్తుంది? చౌడులో సోడియం ఉప్పు ఎక్కువ. తడవగానే బంకమట్టి రేణువులు విడిపోయి, సందుల్లోకి దిగి, వాటిని మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. పొలంలో రైతుకు శాపమైన గుణమే మిద్దె మీద కాపాడింది. ఇదంతా పుస్తకం చూసి చేసింది కాదు, తరాల అనుభవం.

అయితే ఆ మరమ్మతులోనే ఒక ముప్పు కూడా ఉంది. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక్క అంగుళం మందం మన్ను వేస్తే దాని బరువు దగ్గర దగ్గర 350 కిలోలు. ఏటా అరంగుళం చొప్పున ఇరవై ఏళ్లు వేస్తే పది అంగుళాలు, అంటే మూడున్నర టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. కింద దూలం మాత్రం ఏటికేడు ముసలిదైతోంది. పాత మన్ను గీకి దించకుండా కొత్తది వేస్తూ పోతే, ఇంటిని కాపాడే పనే ఇంటిని కూలుస్తుంది. 2024 ఆగస్టులో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో రాత్రిపూట మట్టి మిద్దె కూలి, నిద్రలోనే ఒకే ఇంట్లో నలుగురు చనిపోయినారు. ఎవరి ఇల్లయినా మిద్దె మాత్రం మన తండాల్లోని మిద్దె లాంటిదే. కరువు సీమలో ఇల్లు ఎండకు కూలదు, ఎప్పుడో ఒకసారి విడవకుండా పట్టే ముసురుకు కూలుతుంది.

తర్వాత పథకాల కాలం. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలై, 1996 జనవరి నుంచి విడి పథకమైంది. మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చే సాయం 2004లో 25 వేలు, 2008లో 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు. ఇక్కడ చాలామంది మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆ పథకంలో పాత ఇంటిని బాగుచేసుకోవడానికి కూడా విడిగా డబ్బు ఉండేది. 2004లో 12,500, 2008 నుంచి 15,000. తక్కువే, కానీ మరమ్మతు కూడా ఒక ఖర్చేనని సర్కారు కాగితం ఒప్పుకున్న కాలం అది.

2016లో దాని జాగాలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. సాయం 1.20 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు. అందులో దృష్టంతా కొత్త ఇంటి మీదే. 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ మొదలైంది. అందులో చెంచుల వంటి పీవీటీజీలకు ఇంటికి 2 లక్షలు. సుగాలీలం పీవీటీజీ కాదు కాబట్టి అది మాకు రాదు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం, మధ్యలో ఆగిపోయిన ఇళ్లు పూర్తి చేసుకోవడానికి ఎస్టీలకు 75 వేలు, పీవీటీజీలకు లక్ష అదనంగా ప్రకటించింది. అన్నీ మంచివే. కానీ అన్నీ ఇల్లు పూర్తయ్యే రోజుతో ముగుస్తాయి. ఆ మర్నాటి నుంచి ఇంటి బాధ్యత ఎవరిదో ఏ పథకమూ చెప్పదు.

స్లాబు ఇల్లు అంటే వందేళ్ల ఇల్లు అని మన అమ్మానాన్నల నమ్మకం. సరిగ్గా కడితే యాభై ఏళ్లు దాటి ఆగుతుంది, నిజమే. సరిగ్గా అంటే ఏమి? స్లాబులో కమ్మీల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. పోసినాక కనీసం వారం, బూడిద కలిసిన సిమెంటయితే పది రోజులు తడి ఆరకుండా నీళ్లు కట్టాలి. ఇప్పుడు మన తండాల ఎండాకాలం గుర్తు చేసుకోండి. తాగే నీళ్లకే ట్యాంకరు దగ్గర బిందెలు వరసగా పెట్టుకునే చోట, స్లాబు మీద పది రోజులు నీళ్లు ఎవరు నిలబెడతారు? నీళ్లు చాలని కాంక్రీటు గుల్లబారుతుంది, తేమ లోపలికి పోతుంది, కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఉబ్బుతుంది కాబట్టి కింద పెచ్చులూడతాయి. యాభై ఏళ్లు ఆగాల్సింది పదిహేను, ఇరవై ఏళ్లకే పడుకునే మంచం మీద రాలుతుంది. మేస్త్రీ చేతకానివాడనో, తండావాళ్లకు ఇల్లు చూసుకోవడం రాదనో అంటారు. నీళ్ల కరువు గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకో తేడా చూడండి. గడ్డి కుళ్లితే మనమే మార్చుకున్నాం, మిద్దె కారితే మనమే మన్ను వేసుకున్నాం. స్లాబు పెచ్చులూడితే సిమెంటు, ఇసుక, కమ్మీ, మేస్త్రీ కూలి, గూడెం దాకా బండి బాడుగ, అన్నీ డబ్బులే. ఇల్లు పక్కా అయ్యేకొద్దీ దాన్ని బాగుచేసే పని మన చేతిలోంచి జారిపోయింది. మా లెక్కలో మన ఇళ్ల చరిత్రలో జరిగిన అసలు మార్పు ఇదే. పాత గుడిసెకే తిరిగిపోదామని మేం అనడం లేదు. తేలూ పామూ రాని ఇల్లు మన అవ్వాతాతలు కోరుకున్న ఇల్లే. కానీ ఇల్లు చూసుకునే తెలివి కూడా ఇంటితోపాటు మారాలి.

తనిఖీ అనేది మనకు కొత్త మాట కాదు. మిద్దె ఎక్కే ముందు పెద్దోళ్లు దూలాన్ని కొట్టి చప్పుడు వినేవాళ్లు. ఇప్పుడు బేస్‌మెంట్, గోడలు, స్లాబు అని దశల వారీగా ఫోటో తీసి బిల్లు వేస్తున్నారు. ఫోటోలో గోడ లేచిందని కనపడుతుంది గానీ లోపల కమ్మీ కింద ఎంత కాంక్రీటు ఉందో కనపడదు. అది చూడాల్సింది మనమే. చదువుకున్నోళ్లం ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పనులు చేద్దాం.

మట్టి మిద్దె అయితే దూలం చివర్లు చూడండి. గోడలో కూర్చునే చోటే ముందు పుచ్చుతుంది. సుత్తితో కొడితే గట్టి కొయ్య గణగణమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. గవాచి అంచు దగ్గర కొలిస్తే పైన మన్ను ఎంత మందముందో తెలుస్తుంది. జానెడు దాటితే పాతది దించినాకే కొత్తది వేయమని చెప్పండి. దూలం మీద అనుమానముంటే ముసురు పట్టిన రాత్రి ఆ గదిలో ఎవరినీ పడుకోనీయొద్దు.

స్లాబు అయితే కింది వైపు తుప్పు రంగు గీతలు, ఉబ్బిన చోట్లు చూడండి. పెచ్చు చిన్నగా ఉన్నప్పుడే కమ్మీ తుప్పు గీకి పూత వేయిస్తే తక్కువలో పోతుంది. పైన నీళ్లు నిలబడే గుంత ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. గోడ పగిలితే పగులుకు అడ్డంగా కాగితం అంటించి తేదీ రాయండి. కాగితం చిరిగితే పగులు ఇంకా నడుస్తోందని అర్థం, అప్పుడు ఇంజనీరును పిలవాలి. ఇల్లు ఇప్పుడే కడుతుంటే, స్లాబు పోసే రోజు కమ్మీల కింద దిమ్మెలు పెట్టినారా లేదా చూడండి, నీళ్లు కట్టడానికి ట్యాంకరు కావాలని గ్రామసభలో ముందే అడగండి. రేపు ఉద్యోగం వచ్చి కర్నూల్లోనో కడపలోనో పాత ఇల్లు కొనాలన్నా చూడాల్సినవి ఇవే. సున్నం కొత్తగా కొట్టిన గోడను చూసి మోసపోవద్దు.

ఆఖరుగా ఒక మాట. ప్రతి ఇంటికీ నోటుబుక్కులో ఒక పేజీ పెడదాం: కట్టిన ఏడాది, వాడిన సరుకు, వచ్చిన సాయం, ఎప్పుడు ఏం పాడైంది, బాగుచేయడానికి ఎంతయింది. ఒక్కో తండా, ఒక్కో గూడెం నుంచి ఇరవై పేజీలు వచ్చినా చాలు, మరమ్మతుకు కూడా డబ్బు కావాలని ఐటీడీఏ ముందు కూర్చుని అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది. ఇప్పటిదాకా మన ఇళ్ల లెక్క వేరేవాళ్లు రాసినారు. ఈ ఎండాకాలం నుంచి మనం రాసుకుందాం.