ఆకాశంలో రేడియో విన్నవాళ్ళు

1928 జనవరి 10న జాన్ మాంక్రీఫ్, జార్జ్ హుడ్ సిడ్నీ దగ్గర నుంచి న్యూజిలాండ్‌కు బయలుదేరారు. టాస్మన్ సముద్రాన్ని విమానంలో దాటాలన్న తొలి ప్రయత్నం అది. వాళ్ళ రేడియో సంకేతాలు దాదాపు 12 గంటలు అందాయి, తర్వాత ఆగిపోయాయి. వెల్లింగ్టన్ దగ్గరి ట్రెంథామ్‌లో వాళ్ళ భార్యలతో పాటు వేలమంది ఎదురుచూశారు. ఆ విమానం ఈనాటికీ దొరకలేదు.

విమానం మాట నేలకు వినిపిస్తే సరిపోదు. నేల మాట విమానానికి వినిపించాలి, అది ఏ దిక్కు నుంచి వస్తోందో కూడా తెలియాలి. లూప్ ఏరియల్ చేసే పని అదే. ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి విజయవాడ కేంద్రాన్ని పట్టుకున్న మన పెద్దవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. ఒకవైపు తిప్పితే పాట గట్టిగా వస్తుంది, ఇంకోవైపు తిప్పితే సన్నగిల్లుతుంది. నావిగేటర్‌కు కావలసింది ఆ సన్నగిల్లే కోణమే, లెక్క కచ్చితంగా తేలేది అక్కడే.

అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో పాటల స్టేషన్ కూడా ప్రమాదకరమైంది. ఏ ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని 1939లో బీబీసీ చాలావాటిని ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిపింది. హోనొలులులో 1941 డిసెంబర్ 6 రాత్రి కేజీఎంబీ స్టేషన్ తెల్లవార్లూ పాటలు వేసింది, అమెరికా నుంచి వస్తున్న తమ బాంబర్లకు దారి తెలియాలని. మర్నాడు పెర్ల్ హార్బర్ మీద దాడికి వచ్చిన జపాన్ విమానాల దళనాయకుడు ఫుచిదా ఆ పాటలనే పట్టుకుని దారి సరిచూసుకున్నాడు.

ఐరోపాలో 75వ న్యూజిలాండ్ స్క్వాడ్రన్ నడిపిన లాంకాస్టర్ బాంబర్లలో మార్కోనీ వాళ్ళ ఆర్-1155 రిసీవర్ ఉండేది. అందులో మీడియం వేవ్ స్టేషన్లూ పలికేవి. అలాగని వైర్‌లెస్ ఆపరేటర్ పాటలు వింటూ వెళ్ళాడనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే. స్థావరం నుంచి వచ్చే మోర్స్ సందేశాల్లో ఒక్కటీ తప్పిపోకూడదు. మధ్యలో, తమ యుద్ధవిమానాలకు నేల నుంచి దారి చెప్పే జర్మన్ కంట్రోలర్ల గొంతుల కోసం డయల్ తిప్పుతూ వెతకాలి. గొంతు దొరికితే, ఇంజిన్ పక్కన అమర్చిన మైకు నుంచి వచ్చే మోతను అదే ఫ్రీక్వెన్సీలో వదిలి ఆ మాటలు వినపడకుండా చెయ్యాలి. ఈ పనికి ‘టిన్సెల్’ అని పేరు. చీకట్లో, చలిలో, గంటల తరబడి ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళకు పైలట్లకు దక్కినంత పేరు దక్కలేదు. దక్కాల్సింది.

నేల మీద నుంచి విన్నవాళ్ళూ ఉన్నారు. ఆక్లాండ్‌లో మ్యూజిక్ పాయింట్ రేడియో స్టేషన్ 1942లో మొదలైంది. 1937లో పాన్ అమెరికన్ విమానాన్ని తొలిసారి ఆక్లాండ్‌కు తెచ్చి, మరుసటి ఏడాది సమోవా దగ్గర ప్రమాదంలో సిబ్బందితో సహా మరణించిన కెప్టెన్ ఎడ్విన్ మ్యూజిక్ పేరే దానికి పెట్టారు. సముద్రం మీద వెళ్ళే విమానాలతో, ఓడలతో మాట్లాడిన భవనం అది. అక్కడి రేడియో చరిత్రను ఇప్పుడు ఔత్సాహిక రేడియో ఆపరేటర్లు (హామ్‌లు) కాపాడుతున్నారు. ఆక్లాండ్‌లో ఉండే తెలుగువాళ్ళు పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్ళి చూడండి.