తిలాపియా: తెచ్చిందెందుకు, వద్దన్నదెందుకు



కోరాపుట్ నుంచి రాయగడ వెళ్లే రైలు దారిలో, కకిరిగుమ్మ చుట్టుపక్కల మీకొక చిన్న చెరువు ఉందనుకోండి. అందులో తిలాపియా పిల్లలు వేద్దామని ఆలోచన రావచ్చు. వేసే ముందు ఆ చేప చరిత్ర కాస్త వినండి.

తిలాపియా పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశానికి 1952లో తెచ్చారు. ఆ రోజుల్లో బొచ్చె, శీలవతి, మోసు చేపలు చెరువులో గుడ్లు పెట్టేవి కావు. వరదలప్పుడు నదుల్లో పట్టిన పిల్లలే రైతుకు దిక్కు. తిలాపియాకు ఆ ఇబ్బంది లేదు. తల్లి చేప గుడ్లను నోట్లోనే పొదిగి, పిల్లలను నోట్లోనే కాపాడుకుంటుంది. ఒకసారి వేస్తే చెరువే పిల్లలనిస్తుంది. పేద రైతుకు అది వరమనుకున్నారు.

ఆ వరమే భారమైంది. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టడంతో చెరువు నిండా పిల్లలే! మేత చాలక ఏ చేపా ఎదగదు. పైగా మన చేపల మేతకూ పోటీ వస్తుంది. ఇంతలో 1957 జూలై 10న మన కటక్‌లోనే హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన చేపల చేత గుడ్లు పెట్టించారు. పిల్లల కరువు తీరే దారి దొరికింది. 1959లో తిలాపియా వ్యాప్తిని నిషేధించారు.

1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన కృషి వల్ల ‘గిఫ్ట్’ అనే త్వరగా ఎదిగే రకం వచ్చింది. 2009లో కేంద్రం నియమాలతో పెంపకానికి దారి తెరిచింది. మత్స్యశాఖ అనుమతి తీసుకోవాలి. అన్నీ మగపిల్లలే అయిన రకాన్నో, సంతానం కలగని రకాన్నో వేయాలి. కృష్ణా జిల్లా మానికొండలో ఇలాంటి పిల్లలను తయారు చేశారు.

ఇక లెక్క మీ చేతిలో ఉంది. తవుడు, వేరుశనగ చెక్కతో నడిచే చిన్న చెరువుకు చదరపు మీటరుకు రెండు పిల్లలు చాలు. చెరువులో వంద కిలోల చేప ఉంటే రోజుకు సుమారు మూడు కిలోల మేత, రెండు పూటలుగా వేయండి. మిగిలిన మేత నీటిని పాడుచేస్తుంది. మన కొండల చలికి చేప మేత ముట్టదు, అప్పుడు తగ్గించండి. నీరు పోయే తూముకు సన్నని వల కట్టండి. గెడ్డలోకి జారిన తిలాపియాను మళ్లీ వెనక్కి తేలేం.