బర్కాలో పండుమిరప: నారు ఎప్పుడు పోయాలి, నీళ్లు ఏవి పోయాలి

గల్ఫ్‌లో మిరప మొక్కలు పెంచడమెంత, ఎండకు లోటా అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒమన్ వచ్చిన ఏడాది మార్చిలో నారు పోశాను. మే నెలకు మొక్కలు నిండా పూశాయి. జూన్‌కు ఆ పూలన్నీ కుండీల చుట్టూ రాలి ఉన్నాయి, ఒక్క కాయ కూడా నిలవలేదు. కాల్గరీలో ఉండే మా చెల్లి అదే ఏడు చలితో కుస్తీ పట్టి, నాకంటే ఎక్కువ కాయలు కోసింది. "అక్కా, బీఎస్సీ బోటనీ నువ్వా నేనా?" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

మిరప వేడిని కోరే మొక్కే కానీ, దాని పువ్వు మాత్రం సుకుమారం. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత రాలిపోతుంది. బర్కాలో వేసవి రాత్రులు కూడా 30 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే ఇక్కడ మిరపకు చలికాలమే పంటకాలం. మన గుంటూరు వైపు జులై, ఆగస్టుల్లో నారు పోసి, జనవరి నుంచి పండుకాయ కోస్తారు కదా, అదే లెక్కను ఒకటి రెండు నెలలు ఆలస్యం చేసుకుంటే చాలు. నేను సెప్టెంబరు మొదట్లో ఇంట్లోనే గింజలు మొలకెత్తించి, అక్టోబరు చివర మొక్కలు బయట పెడతాను.

గింజ మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. ఏసీ గాలి తగలని వంటింటి మూలలో, తడి టిష్యూ పేపర్లో చుట్టి, మూతపెట్టిన డబ్బాలో ఉంచితే వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. గింజల కోసం ఇండియా నుంచి పొట్లాలు మోసుకు రావద్దు. విత్తనాలకు చాలా దేశాలు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అడుగుతాయి. కిరాణా కొట్లో కొన్న ఎండుమిర్చి గింజలు కూడా మొలుస్తాయి. కాకపోతే అది హైబ్రిడ్ కాయైతే మొక్కలు తలో రకంగా వస్తాయి. సన్నం రకమో, లాం పరిశోధన స్థానం వారి ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకమో అయితే తల్లి పోలిక నిలుస్తుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది నీళ్లు. రెండో ఏడు కాలం సరిగ్గా పాటించాను. అయినా ఆకుల అంచులు మాడాయి, కుండీ మట్టి మీద తెల్లటి పొర కట్టింది. మేముండే ఇంటి వెనక బావి నీళ్లే పోస్తున్నాను మరి. బాతినా తీరమంతా తోటల కోసం ఏళ్ల తరబడి నీళ్లు తోడేయడంతో సముద్రపు నీరు భూగర్భంలోకి చొరబడింది. టీడీఎస్ మీటరు కొని చూస్తే 2,900 చూపించింది! మిరప ఉప్పుకు ఓర్చుకోలేదు. నేలలో ఉప్పు తీవ్రత మీటరుకు 1.5 డెసీసీమెన్స్ దాటాక, పెరిగే ఒక్కో యూనిట్‌కు దిగుబడి సుమారు 14 శాతం పడిపోతుందని మా పాఠాల్లోనే ఉంది. పరీక్షకు బట్టీ పట్టాను, కుండీ దగ్గర మాత్రం గుర్తు రాలేదు. పోసే నీళ్లలో టీడీఎస్ 600 లోపు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు నారుకు ఏసీ నుంచి కారే నీళ్లు పడుతున్నాను. సెప్టెంబరు ఉక్కలో రోజుకు బకెట్లకు బకెట్లు వస్తాయి, అందులో ఉప్పన్నదే ఉండదు. పోషకాలూ ఉండవు కాబట్టి కంపోస్టు తప్పనిసరి. ఏసీని కెమికల్ వేసి కడిగిన వారం ఆ నీళ్లు వాడకండి. చలికాలం ఏసీ ఆగాక కుళాయి నీళ్లే. ఇక్కడ కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిని శుద్ధి చేసిన మంచినీరు, మిరపకు భేషుగ్గా సరిపోతుంది.

మట్టి ఇసుక, పైగా సున్నం ఎక్కువ. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నపు నేలలో ఈడీడీహెచ్‌ఏ రకం ఐరన్ చీలేట్ అయితేనే పనిచేస్తుంది. కోకోపీట్ వాడితే ముందు రెండు మూడుసార్లు కడగండి, అందులోనూ ఉప్పుంటుంది. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతాను.

చలి దేశాల వాళ్లకు లెక్క తలకిందులు. కాల్గరీలో మే చివరి దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి చెల్లి మార్చిలోనే హీట్ మ్యాట్ మీద, గ్రో లైట్ కింద నారు పెంచుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల పైన నిలకడగా ఉంటేనే కుండీలు బయట పెడుతుంది, అదీ రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టి. మిరప నిజానికి బహువార్షికం. చెల్లి అక్టోబరులో కొమ్మలు కత్తిరించి కుండీలను బేస్‌మెంట్‌లో దాస్తుంది. నేను మే నెలలో అడుగు ఎత్తుకు కత్తిరించి షేడ్ నెట్ కింద దాస్తాను. ఒకరు మంచు నుంచి, ఒకరు ఎండ నుంచి.

ఇంత తంటా ఎందుకంటే, పచ్చిమిర్చి ఇక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతుంది కానీ పచ్చడికి పనికొచ్చే పండుమిరప దొరకదు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఏటా ఫిబ్రవరిలో ఎవరో ఒకరి చేత జాడీ పంపేది. కిందటేడాది నుంచి పంపేవాళ్లు లేరు. ఈ చలికాలం 14 మొక్కల మీద, వారం వారం కోసి ఫ్రిజ్‌లో దాచి, మొత్తం కిలో పోగుచేశాను. అమ్మ చెప్పినట్టే తొడిమలతోనే కడిగి, బాగా ఆరాక తొడిమలు తీశాను. ముందే తీస్తే కాయలోకి నీరు చేరి పచ్చడి బూజు పడుతుంది. పావుకిలో చింతపండు, పావుకిలో కంటే కాస్త తక్కువ ఉప్పు, పసుపు వేసి తొక్కి, మూడో రోజు వెల్లుల్లి, మెంతిపొడితో మళ్లీ రుబ్బాను. ఫోన్లో చూపిస్తే చెల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉప్పు అమ్మ లెక్కేనా, నీ లెక్కా?" అంది. అమ్మ లెక్కే.