పూటకూళ్లింటి కూజా

1903 జనవరి. న్యూయార్క్ రాష్ట్రంలో కయూగా సరస్సు కొసన ఇథాకా అనే చిన్న ఊరు. జనాభా 13 వేలు. ఊరి పక్క కొండమీద కార్నెల్ విశ్వవిద్యాలయం, అందులో దాదాపు 3 వేల మంది విద్యార్థులు. ఒకపక్క పరీక్షలు, మరోపక్క జూనియర్ వీక్ డాన్సుల సందడి. ఆ చలికాలంలో కుర్రాళ్లు ఒక్కొక్కరే మంచం పట్టడం మొదలైంది. తలనొప్పి, నీరసం, దిగని జ్వరం. అది టైఫాయిడ్ అని తేలేసరికి ఊరంతా పాకిపోయింది.

ఇంతకీ ఆ కుర్రాళ్లు ఉండేది ఎక్కడ? కార్నెల్ మొదటి అధ్యక్షుడు ఆండ్రూ వైట్‌కు హాస్టళ్లంటే గిట్టదు. కుర్రాళ్లందరినీ ఒకచోట పెడితే అల్లరి తప్ప మరేమీ రాదని ఆయన నమ్మకం. ఆడపిల్లలకు మాత్రం సేజ్ కాలేజీ పేరుతో వసతి కట్టించారు. మగపిల్లల్లో కాస్త కలిగినవాళ్లు ఫ్రెటర్నిటీలనే విద్యార్థి సంఘాల ఇళ్లలో చేరేవారు, మిగతావాళ్లకు కొండవాలులోనో ఊళ్లోనో పూటకూళ్లిళ్లే గతి. చదువుకునే వయసు వచ్చినవాడు తన బాగోగులు తానే చూసుకోవాలన్నది అప్పటి ఆలోచన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ భోజనాల బల్లమీది కూజాలో నీళ్లు ఎక్కడివో ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

ఆ నీళ్లు ఊరికి సరఫరా చేసేది ఒక ప్రైవేటు కంపెనీ. యజమాని విలియం మోరిస్, కార్నెల్‌లోనే చదివినవాడు. సిక్స్ మైల్ క్రీక్ అనే వాగునీటిని వడగట్టకుండా నేరుగా గొట్టాల్లోకి వదిలేవారు. 1902లో అదే వాగుమీద కొత్త ఆనకట్ట పని మొదలైంది. ఇటలీ నుంచి వచ్చిన కూలీలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉన్నారు. సరైన మరుగుదొడ్లు లేవు. దాంతో ఊరు వేలెత్తి చూపింది ఆ కూలీలనే. నిజానికి రోగం మొదట ఎవరి నుంచి వచ్చిందో చివరిదాకా తేలలేదు. ఆ వాగు పొడుగునా రైతుల ఇళ్లూ, వాళ్ల దొడ్లూ ఉన్నాయి. పరాయి దేశంనుంచి వచ్చిన కూలీని అనడం తేలిక, వాగునీళ్లు వడగట్టకుండా అమ్ముకున్నవాణ్ణి అనడం కష్టం.

విశ్వవిద్యాలయానికి వేరే వాగు ఉంది, ఫాల్ క్రీక్. కొండమీద భవనాలకు దాని నీళ్లే. అంటే తరగతి గదిలో తాగే నీళ్లు వేరు, రాత్రి గదికెళ్లాక తాగే నీళ్లు వేరు. నీళ్లు కాచి తాగమని హెచ్చరికలు వెలువడ్డాయి. కానీ పది పదిహేను మందికి వండిపెట్టే పూటకూళ్లమ్మ, బొగ్గు ఖర్చు ఎవరిస్తారని నీళ్లు కాచకపోతే అడిగేదెవరు?

అప్పటికి టైఫాయిడ్‌కు మందు లేదు. దాన్ని తగ్గించే క్లోరాంఫెనికాల్ రావడానికి ఇంకా 45 ఏళ్లు పట్టింది. పాలు, పలుచని ఆహారం, ఒళ్లు కాలిపోతుంటే చన్నీళ్ల తుడుపు, పక్కన కూర్చునే నర్సు, ఇవే వైద్యం. వారాల తరబడి మంచంలోనే. అధ్యక్షుడు జేకబ్ షుర్మన్ విశ్వవిద్యాలయాన్ని మూసెయ్యడానికి ఒప్పుకోలేదు. విద్యార్థులే వందల సంఖ్యలో పెట్టెలు సర్దుకుని రైలెక్కేశారు. కానీ ఈ జ్వరం ఒంట్లోకి చేరాక బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అలా ఇల్లు చేరాక పడకేసినవాళ్లున్నారు, అక్కడే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు.

మార్చిలో రాష్ట్ర ఆరోగ్యశాఖ తరఫున జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరు దిగాడు. ఇంటింటికీ తిరిగి మరుగుదొడ్లు, బావులు చూశాడు, శుభ్రం చేయించాడు. నాలుగేళ్ల తర్వాత న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషిని, అదే లోకమంతా ‘టైఫాయిడ్ మేరీ’ అని పిలిచే ఆమెను, పట్టుకున్నది ఈయనే. ఇథాకాలో ఆయన చేసిన పని మాత్రం అంత పేరు తెచ్చుకోలేదు.

లెక్క ఇదీ: సుమారు 1,350 మందికి జ్వరం, అంటే ఊళ్లో పదిమందికి ఒకరు. 82 మంది చనిపోయారు. వాళ్లలో 29 మంది కార్నెల్ విద్యార్థులు.

ట్రస్టీల్లో ఒకడైన ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ విద్యార్థుల వైద్యఖర్చులు భరించాడు, విశ్వవిద్యాలయానికి నీటి వడపోత కేంద్రం కట్టించాడు. పెద్ద మనసే, కాదనను. కానీ ఆ వడపోత ఏర్పాట్లు ముందే నీళ్ల కంపెనీ చేసి ఉంటే దానం చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఊరి జనం ఓటేసి నీటి సరఫరాను కంపెనీ చేతిలోంచి పురపాలక సంఘం చేతికి తెచ్చుకున్నారు.

మగపిల్లల కోసం కార్నెల్ తన సొంత వసతిగృహాలను వరసగా కట్టడం మొదలుపెట్టింది మాత్రం మరో పదేళ్లకు, 1914 ప్రాంతంలో.