సయ్యద్ నయీముద్దీన్
సయ్యద్ నయీముద్దీన్ (జననం 1944): హైదరాబాదీ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఎదిగి, కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఆడింది డిఫెన్స్‌లో, గోల్ కొట్టేవాడికి దక్కే చప్పట్లు గోల్ ఆపేవాడికి దక్కవు. అయినా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు పగ్గాలు అతనివే. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడినా, మూడో స్థానం పోటీలో జపాన్‌ను 1-0తో నిలువరించి కాంస్యం తెచ్చారు. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది.

కోచ్‌గా క్రమశిక్షణ విషయంలో మహా కఠినుడు. 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలిపించాడు. ద్రోణాచార్య అవార్డు కూడా ఆ ఏటిదే. 1997లో అతని శిక్షణలోనే భారత్ శాఫ్ కప్పు గెలిచింది. అయితే ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో 1970 బ్యాంకాక్ కాంస్యం తర్వాత భారత్‌కు మరో పతకం రాలేదు.